బిస్కెట్ల డబ్బాలో గుండీలు

ఆ టైలరు చేతికి తిరుగులేదు. నోటికీ తిరుగులేదు. అందుకే వీధి వీధంతా అతన్ని చిటపటల మాస్టారు అనేది. దారం తెగితే దారాన్ని తిట్టేవాడు, కొలతలప్పుడు ఊపిరి బిగబడితే కొలతలిచ్చేవాణ్ణి తిట్టేవాడు. ఎవరూ దొరక్కపోతే భార్య ఎలాగూ ఉంది.

ఆవిడ మాత్రం చెక్కుచెదిరేది కాదు. కొట్టు వెనక గదిలో కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టేది, సాయంత్రం నేల ఊడ్చేది. ఊడ్చినప్పుడు దొరికిన గుండీ ఒకటి ఏరి, "ఇవాళ కిటికీలోంచి మంచి గాలొచ్చింది" అనో, "పక్కింటి ముసలమ్మ నన్ను చూసి నవ్వింది" అనో చెప్పి పాత బిస్కెట్ల డబ్బాలో వేసేది. రోజుకో మంచి, దానికో గుండీ. పదకొండేళ్లు అలాగే సాగింది.

"గాలొచ్చినా గుండీయేనా! నీకు పనీపాటా లేదే," అనేవాడు మాస్టారు.

"మీ సొమ్మేం పోయిందండీ," అని నవ్వేసేది.

ఒకనాడు ప్లీడరుగారి కోటు అర్జెంటుగా ఇవ్వాల్సి వచ్చింది. ఆరు గుండీలకి ఐదే ఉన్నాయి. ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. మాస్టారు డబ్బా మూత తీస్తే ఆరోది దొరికింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! గుండీలన్నీ అలా కలగాపులగంగా పడి ఉంటే టైలరు చెయ్యి ఊరుకుంటుందా? అన్నీ బల్ల మీద కుమ్మరించి, రంగుకి రంగు, సైజుకి సైజు విడదీసి కొట్టు సొరుగుల్లో కలిపేశాడు. అంచు విరిగినవి చెత్తలో పారేశాడు. ఖాళీ డబ్బాని కడిగి తుడిచి మరీ పెట్టాడు. పైగా గొప్ప ఉపకారం చేశానని మురిసిపోయాడు, పిచ్చిమారాజు.

ఆవిడ తిరిగొచ్చి డబ్బాలోకి చాలాసేపు చూసింది.

"మంచి పనే చేశారు," అంది. ఆ సాయంత్రం ఊడ్చినప్పుడు దొరికిన గుండీని తిన్నగా సొరుగులో వేసింది.

ఆ తర్వాత గానీ మాస్టారికి తెలిసిరాలేదు. ఇదివరకు అతనెంత కసిరినా ఆవిడ విని వదిలేసేది. ఇప్పుడు ప్రతి మాటా గుచ్చుకుంటోంది. గోడ చెమ్మగిల్లితే తల పట్టుకుని కూర్చుంటోంది, సూదిలోకి దారం ఎక్కకపోతే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇన్నేళ్లూ ఇల్లు చల్లగా ఉందంటే అది తన గొప్పే అనుకున్నాడు. సిగ్గేసింది.

ఒకరోజు సొరుగులన్నీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "తప్పయిపోయింది. నీవేవో ఏరుకోవే."

ఆవిడ వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసింది. "అంచు విరిగిన తెల్లదొకటి ఉండాలి. మీ కంటికి కట్టు విప్పిన రోజుది."

మాస్టారు తల వంచుకున్నాడు. ఆవిడకి అర్థమైంది.

"పోన్లెండి. ఇప్పుడివన్నీ ఉట్టి గుండీలే," అని సొరుగు మూసేసింది.

ఆ సాయంత్రం మాస్టారే చీపురు పట్టాడు. గుండీ దొరికింది. డబ్బా ముందు నిలబడి, "ఇవాళ..." అని ఆగిపోయాడు. పొద్దున్నించీ జరిగిందంతా తవ్వుకున్నాడు. అన్నీ తన అరుపులే గుర్తొచ్చాయి, మంచి ఒక్కటీ దొరకలేదు. తనలాంటివాడితో కాపురం చేస్తూ ఈవిడ రోజుకొకటి ఎక్కణ్ణుంచి వెతికి తెచ్చేదో!

"దొరకడం లేదే," అన్నాడు.

"మొదట్లో నాకూ నాలుగు రోజులు దొరకలేదు," అంది ఆవిడ, కుట్టుపని మీంచి తలెత్తకుండానే.

"మరి మొదటి గుండీ దేనికి వేశావు?"

ఆవిడ ముడి వేసి దారం కొరికింది.

"ఆ రోజు మీరు నన్ను తిట్టలేదండీ."