పత్తి గదిలో దయ్యం ముద్దు

చిన్న మంగళారం ఊరి ఎస్తేర్ ఐటీ ఉద్యోగంలో రోజూ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతుంది. ముప్పై రెండేళ్ల వయసులో, 2021లో, ఆమెకు కొత్త పిచ్చి పట్టింది. బావిలో పడి చచ్చిన ఒకామె దయ్యమై తిరిగొచ్చి, తడి చీరతోనే తన ప్రియురాలి పక్కలో చేరే ఆడియో నాటకం రాసి, వారానికో భాగం ఆన్‌లైన్‌లో పెట్టసాగింది. ప్రియురాలి గొంతు తనది. దయ్యం గొంతు ఆఫీసు స్నేహితురాలు, చేవెళ్ల మమతది. స్టూడియో అంటే నాన్న పత్తి నింపిన గది. కప్పుదాకా పత్తి ఉంటే కోడికూత కూడా లోపలికి రాదు.

మొదటి రెండు భాగాల్లో ముద్దులన్నీ ఎస్తేర్ తన ముంజేతికే పెట్టుకుంది. విన్నవాళ్లు ఒళ్లు జలదరించిందని రాశారు. మూడో భాగానికి ఇద్దరూ మొహమాటం వదిలేసి నిజంగానే పెట్టుకున్నారు. జుట్టు నిండా పత్తితో, నవ్వు ఆపుకోలేక బయటికొచ్చారు.

ఆ వారం అందరూ రాసింది ఒకటే: కథ బాగుంది, ముద్దు మాత్రం నకిలీ.

ఎస్తేర్‌కు ఒళ్లు మండింది. "నకిలీదట. వీళ్లకేం ఎరుక?"

"ఫికర్ చెయ్యకు," అంది మమత, గది తలుపు గడియ పెడుతూ. "మంచిగ వచ్చేదాక మల్ల చేద్దాం."

ఆ మధ్యాహ్నం పదకొండుసార్లు చేశారు. రికార్డర్ ఆన్ చేయలేదని పన్నెండోసారికి గుర్తొచ్చింది. అయినా ఎవరూ లేవలేదు.