అబ్రాహాము మేస్త్రి

తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో మా వైపు టెంటు లేని వృత్తి లేదు. రిలే దీక్షలో ఆ రోజు ఎవరి వంతో తెలుసుకోవడానికి బ్యానరు చదవనక్కర్లేదు, టెంటు ముందు పెట్టిన సామాను చూస్తే చాలు. కుట్టుమిషను ఉంటే దర్జీలు, నల్లకోటు వేలాడుతుంటే వకీళ్లు, తాపీ, రసమట్టం ఉంటే మేస్త్రీలు. ఏ టెంటుకూ చెందనివాణ్ణి మా చుట్టుపక్కల ఊళ్లలో బహుశా నేనొక్కణ్ణే. వరంగల్‌లో చరిత్ర పరిశోధన చేస్తుండేవాణ్ణి. తోటివాళ్లు నాకంటే ముందే వచ్చి కాకతీయులను పంచేసుకున్నారు (ఒకరికి తోరణాలు, ఒకరికి చెరువులు, పాపం ఒకాయనకు శాసనాల్లోని అక్షరదోషాలు). ఆలస్యంగా వెళ్లిన నాకు మా గైడు గారు ఇంగ్లండులోని రాతిపని మేస్త్రీల పాత రాతప్రతులు అప్పగించారు. కొన్ని వందల ఏళ్ల కింద అక్కడి మేస్త్రీ సంఘాలు తమ పుట్టుపూర్వోత్తరాలనూ కట్టుబాట్లనూ రాసి పెట్టుకున్నాయి. తరవాతి కాలంలో తాపీ పట్టడం రాని పెద్దమనుషులు కూడా ఆ సంఘాల్లో చేరి ఫ్రీమేసన్లమని చెప్పుకున్నారు, ఆ రాతలనే తమ వంశచరిత్రగా చేసుకున్నారు. ఒక ప్రతి నుంచి ఇంకో ప్రతికి వచ్చేసరికి కథ ఎందుకు మారిపోతుందో తేల్చడం నా పని.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు ప్రాణంగా ఉండేది. చాలా ప్రతులు తండ్రినీ కుమారుణ్ణీ పరిశుద్ధాత్మనూ తలుచుకునే మొదలవుతాయి. మహబూబాబాద్‌లో మా మందిరంలో ఆదివారం ఆరాధన మొదలైనట్టే ఉండేది. ఇబ్బందల్లా ఆ తరవాత వచ్చే చరిత్రతోనే. క్షేత్రగణితం రాసిన యూక్లిడ్, మన విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాము దగ్గర చదువుకున్నాడని ఒక ప్రతిలో ఉంది. ఇద్దరికీ నడుమ వెయ్యేళ్లకు పైగా తేడా. ఆ రాసిన పుణ్యాత్ముడి మీద నాకు కోపమొచ్చేది. వాక్యాన్ని ఇలా కలగాపులగం చేసేవాడికి దేవుడి భయం లేదా అని మార్జిన్‌లో ఎర్రసిరాతో రాసుకున్నాను కూడా.

అంత కోపం రావడానికి కారణం ఉంది. వాక్యంలో ఒక్క పొల్లు పోకుండా నాకు నేర్పినవారు మా సండేస్కూల్ సార్. రైల్వేలో కొలువు, సంఘంలో పెద్దరికం. ఆయన చిన్నబిడ్డను నాకిచ్చే మాట అప్పటికి సగం నడిచింది. మిగిలిన సగం ఆ ఆదివారం తేలాలి. ఆ మాట కోసమే, రాతప్రతుల జిరాక్సులకని వెళ్లిన హైదరాబాద్ నుంచి కాగితాల సంచితో బయల్దేరితే, రైలురోకో వల్ల బండి జనగామలో ఆగింది. మంచినీళ్లకని బయటికొచ్చి మేస్త్రీల టెంటు నీడన కూర్చున్నాను. మెడలో రుమాలు వేసుకున్న పెద్దమేస్త్రి నా సంచిలోంచి తొంగిచూస్తున్న బొమ్మను పట్టేశాడు.

"తమ్మీ, గిది మూలమట్టం బొమ్మ గదా! నువ్వు గూడ మా పనోడివేనా?"

"మేస్త్రీల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్న అన్నా. ఫ్రీమేసన్లని..."

"ఫ్రీ మేస్త్రీలా?" ఆయన మొహం మాడింది. "అంటే కైకిలి తీసుకోకుంట కడుతరా? గసొంటోళ్లను మా సంఘం గడప తొక్కనియ్యం. మా కడుపు మీద కొట్టుడు గాదా గది?"

"కాదన్నా, ఫ్రీ అన్న మాట మీద పండితులల్ల చాలా అభిప్రాయాలున్నయి. మొదటిది..."

"పండితులను ఇడిసిపెట్టు. మైకు కాడికి రా. పొద్దటి సంది చెప్పిందే చెప్తున్నం, ఇనెటోళ్లు లేచిపోతున్నరు."

మైకు చేతికొస్తే ప్రార్థనతో మొదలుపెట్టకుండా ఉండలేని పెంపకం నాది. రెండు మాటలు ప్రార్థన చేశాను. మేస్త్రీలు తలకు చుట్టిన రుమాళ్లు విప్పి మర్యాదగా నిలబడ్డారు. తరవాత ఆ పాత కట్టుబాట్లలో ఒకటి చెప్పాను: ఒక మేస్త్రి చేసే పనిని ఇంకో మేస్త్రి గుంజుకోకూడదు. టెంటు ఒక్కసారిగా ఊగిపోయింది. "అగో! మన నౌకర్లు మనకే అని వాళ్లు అప్పుడే రాసిండ్రు!" అని పెద్దమేస్త్రి కేక. ఆ ఊపులో నేను అబ్రాహాము, యూక్లిడ్‌ల కథ కూడా చెప్పేశాను. చెప్పి, "అయితే ఇది కట్టుకథ, చరిత్రకారులు ఒప్పుకోరు" అన్నాను. సరిగ్గా ఆ వాక్యం మీదే జై తెలంగాణ నినాదం మిన్నంటింది. నా కట్టుకథ మాట నాకే వినపడలేదు.

ఆ టెంట్లలో మాట్లాడేవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. నేను చెప్పింది నాకంటే ముందు మహబూబాబాద్ చేరింది. ఆదివారం ఆరాధన అయ్యాక సార్ నన్ను మందిరం మెట్ల మీదే ఆపారు.

"అబ్రాహాము మేస్త్రి అని ఆదికాండంల ఏ అధ్యాయంల ఉన్నదిరా?"

"నేను అట్ల అనలేదు సార్."

"బస్టాండు కాడ టెంట్ల మైకుల చెప్తున్నరు. అబ్రాహాము పెద్దమేస్త్రట, ఆయన చేతిరాత లండన్‌ల ఉన్నదట, తెలంగాణ కొలువులు తెలంగాణోళ్లకేనని అండ్ల రాసిపెట్టిండట. చెప్పింది ఎవలంటే నీ పేరే చెప్తున్నరు. అబ్రాహాము బతుకంత గుడారాలల్లనే గడిపిండు. గోడ ఎప్పుడు కట్టిండు? గుడారానికి రసమట్టం ఎందుకు?"

(ఆ ప్రశ్న ఇన్నేళ్ల పరిశోధనలో ఏ పండితుడూ అడగలేదు.) నేను రాతప్రతులు, నకళ్లు, పాఠభేదాలు అని ఏదో మొదలుపెట్టాను. సార్ చెయ్యెత్తి ఆపేశారు. "వాక్యం మార్చెటోనికి బిడ్డనియ్య." అంతే. ఆయన వెనక నిలబడ్డ చిన్నబిడ్డ, చెప్పులు వేసుకునే వంకతో వంగి, "పాట పాడమంటె పాడవు, మైకు ముంగట ఎందుకు నిలవడ్డవ్? భూపాలపల్లిల బాపును కన్న అవ్వ ఉన్నది, పో. బాపు ఆమె మాట ఒక్కటే ఇంటడు" అని గొణిగింది. అంతవరకు ఆమె నాతో మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

దొరికిన బండినల్లా ఎక్కి భూపాలపల్లి చేరాను. అవ్వ బొగ్గుగనిలో పనిచేసే పెద్దకొడుకు క్వార్టర్లో ఉండేది. గుమ్మంలో చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవరినని చెప్పబోయేలోపే ఆమె చేట పక్కన పెట్టింది.

"నువ్వేనా బిడ్డా, మనుమరాలు ఫోన్ జేసి చెప్పిన పిలగానివి? గని కార్మికుల టెంట్ల నీ ముచ్చట చెప్పంగ ఇన్న. ఎంత బాగ చెప్పినవ్!"

"నేనేం చెప్పిన అవ్వా?" అన్నాను, నిజంగానే తెలియక.

"అబ్రాహాము వాగ్దాన భూమి కోసం గుడారంల కూసున్నడు, మనం రాష్ట్రం కోసం టెంట్ల కూసున్నం అన్నవట గదా. ఆయన ఎదురుచూసే పట్నాన్ని కట్టే మేస్త్రి దేవుడేనట. వాక్యంల ఉన్న మాటే. మా చిన్నోనికి గది సమజ్‌గాలేదా?"

ఆ ప్రసంగం నాది కాదు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా నడుమ ఏ మహానుభావుడో, ఏ టెంటులోనో, నా తప్పుల తడక కథను చేత్తో సవరించి వాక్యంతో సరిచేశాడు. అవ్వ అప్పటికే కొడుక్కి ఫోను కలిపింది. "నేను చెప్పింది కాదవ్వా అది" అంటే, "సప్పుడు జెయ్యకు, నిగర్వివి" అని కసిరి ఫోను స్పీకర్లో పెట్టింది.

"ఏమిరా, గుడారాలల్ల ఉన్నోడు ఏ పట్నం కోసం చూసిండో సండేస్కూల్ల నువ్వు చెప్పలేదా? పిలగాడు జ్ఞాపకం పెట్టుకుండు, నువ్వు మరిచినవ్."

అవతల సార్ బైబిలు పేజీలు తిప్పుతున్న చప్పుడు. "మరి అబ్రాహాము మేస్త్రి అని..."

"మేస్త్రి దేవుడురా! టెంట్లోళ్లు తప్పు ఇన్నరు."

మా పెళ్లి ఆ వేసవిలోనే అయింది. జనగామ పెద్దమేస్త్రి కూడా వచ్చి, మా మందిరం గోడను వేలితో తట్టి చూసి, మట్టం తప్పలేదని తలూపాడు. తిరిగి చదువుకు కూర్చున్నాక మార్జిన్‌లో నా ఎర్రసిరా మాట కనపడితే ఎందుకో నవ్వొచ్చింది, దాన్ని కొట్టేశాను. రాష్ట్రమూ వచ్చింది, నా పట్టా కూడా వచ్చింది. (ఏది ముందని అడక్కండి, నా పట్టా మాత్రం ముందు రాలేదు.)

ఇప్పుడీ కథ చెప్పే హక్కు మా ఆవిడది. ఆమె ప్రతిలో జనగామలో వాన కూడా పడుతుంది, మేస్త్రీలు కన్నీళ్లు పెట్టుకుంటారు, కట్టుకథ అన్న వాక్యం మాత్రం ఎప్పుడూ ఉండదు. మొన్న సండేస్కూల్లో ఆమె చెప్పడం ముగించాక ఒక పిల్ల నా వైపు తిరిగి, "అంకుల్, నిజంగ మీరు గట్లనే చెప్పిండ్రా?" అని అడిగింది. ఎర్రసిరా పట్టుకు తిరిగిన అప్పటి కుర్రాడైతే వెంటనే మైకు అందుకుని పాఠభేదాలు వివరించేవాడు. వాడెక్కడున్నాడో గాని, నేను మా ఆవిడ వైపు చూసి, "గట్లనే చెప్పిన బిడ్డా" అన్నాను.