నముకోలో అనే నర్సు చెప్పాల్సిన మాట

పల్లె ఆసుపత్రిలో ఫోను సిగ్నల్ కిటికీ దగ్గరే అందుతుంది కనుక నముకోలో అనే నర్సు రోజూ అక్కడే నిలబడి, నడుముకు చుట్టుకున్న చితెంగె గుడ్డ అంచుతో ఫోను తుడిచి, గర్భిణుల స్కాన్లు దూరాన లుసాకా నగరంలో ఉన్న డాక్టరుకు చూపిస్తుంది. ఆయన ఇంగ్లీషులో చెప్పింది తల్లులకు వాళ్ల లోజీ భాషలో చెబుతుంది. ఆ రోజు ఇనోంగె అనే గర్భిణి కడుపులోని బిడ్డకు మూత్రం దారి మూసుకుపోయి, కిడ్నీలు పాడై, ఉమ్మనీరు ఇంకిపోయిందని తేలింది. "పుట్టినా ఊపిరి అందదు. ఆమెకు చెప్పండి సిస్టర్," అన్నాడు డాక్టరు.

"ఏమంటున్నాడు సిస్టర్? పొద్దున కూడా తన్నాడు వీడు!" అని నవ్వుతూ ఇనోంగె ఆమె చెయ్యి తీసుకుని పొట్టమీద పెట్టుకుంది. చేతి కింద బిడ్డ మెల్లగా కదిలాడు. నముకోలో ఫోను పక్కన పెట్టి, చెయ్యి తియ్యకుండానే అంతా చెప్పింది.

ఇనోంగె ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. "అయితే పేరు ఇప్పుడే పెట్టేస్తాను. పిలిస్తే వినపడుతుందా వాడికి?"

"వినపడుతుంది తల్లీ. పిలువు."