అక్క చెట్లకు నేను పోసిన నీళ్లు

మా పక్కింటి అక్క మంగళవారం పొద్దున ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ కబురు తెలిసేటప్పటికి నేను వాళ్ల మిద్దె మీదనే, ఆమె టమోటా చెట్ల ముందర కూర్చోనుండా. గుడ్డలు మార్చుకునేకి ఇంటికొచ్చిన బావ, అక్క పెనిమిటి, ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడి తలెత్తి చూసినాడు. "అయిపాయెమ్మా" అన్నాడు. అంతే. నేను దిగి రాలేకపోతిని.

నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే మన్నించండి. రాయకపోతే మాత్రం ఇది లోపలే ఉండి నన్ను తినేస్తాది. నాకు పుట్టుకతోనే దిగులెక్కువ. గ్యాసు కట్టేసినానా లేదా అని మూడుసార్లు చూసుకునే మనిషిని. "దిగులు లేని రోజు, ఎందుకు లేదబ్బా అని దిగులు పడతావుమే నువ్వు" అని అక్క నవ్వేది.

ఆమెది పత్తికొండ పక్కన టమోటా తోటల ఊరు. కల్లూరులో ఇల్లు కట్టుకుని వచ్చినాక కాలు పెట్టేంత మన్ను కూడా లేకపాయె. ఇంటికి రంగులేసినాక మిగిలిన ఖాళీ పెయింటు బకెట్లు మిద్దె మీదికి మోసుకుపోయి, కాల్చిన చువ్వతో అడుగున బొక్కలు పొడిచి, మన్నూ పేడా కలిపి టమోటా నాటింది. ఒక్కో బకెట్టు కింద రెండు ఇటుకలు. నేను చూసేకి పోతే బొక్కల్లోంచి నీళ్లు కారతాండాయి. బిందె నీళ్లకు మైలు నడిచిన దాన్ని, నాకు పానం ఒప్పలేదు. మా ఇంట్లోవి పాత స్టీలు ప్లేట్లు తెచ్చి ఇటుకల మీద, బకెట్ల అడుగుకు ఆనించి పెట్టినా. అక్క చూసి నడుం మీద చెయ్యేసుకుని, "ఏమ్మే, మా చెట్లకు సంగటి వడ్డిస్తాండావా?" అనింది. ప్లేట్లన్నీ తీసి నా చేతికిచ్చింది.

వాన మబ్బు పడితే మా వీధంతా బిందెలు, గంగాళాలు బయట పెట్టేది. ఆమె ఒక్కతే ప్లాస్టిక్ పట్ట తీసుకుని మిద్దె ఎక్కేది. చెట్ల మీద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క వాలుగా కట్టేది, నీళ్లు జారిపొయ్యేటట్ల. మన్నుకు తగిలే కింది ఆకులు తుంచేసేది. వాన కోసం మొక్కే సీమలో వానకు అడ్డం కట్టే మనిషిని చూసినామా అని ఆడోళ్లు ఎగతాళి చేసినారు. ఆమె పట్ట తాళ్లు బిగించుకుంటా పాయె. నాతో మాత్రం ఒక మాట చెప్పింది: "నీళ్లు చాలక సచ్చే చెట్టు అడిగి సస్తాది. నీళ్లెక్కువై సచ్చేది చెప్పకుండా సస్తాది."

కాళ్లు వాచి, ఊపిరాడక ఆసుపత్రికి పోయే రోజు, ఆటో ఎక్కతా కూడా ఆమెకు ఇంటి తాళం గుర్తు లేదు. చెట్లు చూడమని నాకు చెప్పింది. పిందెలు పడినాయి, వచ్చేసరికి పండుతాయి అనింది.

మొదటి వారం ఎండలు. ట్యాంకరు సరిగా రాలేదు. కారిపొయ్యే నీళ్లు చూడలేక మళ్లీ ప్లేట్లు పెట్టినా. ఆమె లేదు గదా, తిట్టేకి. తర్వాత వాన పట్టుకునింది. మూడు దినాలు ఇడవలేదు. పట్ట కట్టినా గానీ, నాకు వాలు తెలీలేదు. మధ్యలో నీళ్లు నిలిచి, కడుపులాగా దిగి, తాళ్లు తెగి చెట్ల మీదనే పడింది. ఆ కంగారులో ప్లేట్ల సంగతి మర్చిపోతిని.

నాలుగో దినం ఎండ కాసింది. ఆకులన్నీ వాలిపోయినాయి. వాలిన ఆకు చూస్తే మన చెయ్యి దేనికి పోతాది? చెంబు కోసరమే పోయింది. ఒక్కో చెట్టుకు రెండేసి చెంబులు పోసినా.

సాయంత్రం బావ ఫోన్ కలిపిచ్చినాడు. అక్క గొంతు సన్నగా ఉండాది.

"వానంట గదా. చెట్లెట్ల ఉండాయి?"

"బాగుండాయక్కా."

"ఎండొస్తే వాల్తాయి. భయపడి నీళ్లు పోసేవు."

"పోయలేదులే" అంటి.

"సరే. నీ చేతిలో ఉండాయి, నాకేం దిగుల్లేదు" అనింది. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే. నా మీద దిగులు లేదన్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఆ మాటే నన్ను పండుకోనియ్యడంలేదు.

తెల్లారి పోయి ప్లేట్లు లాగేసినా, బకెట్లు వొంచి పట్టుకున్నా. బొక్కలు పూడుకుని నీళ్లు దిగలేదు. మన్ను గెలికితే వేర్లు నల్లగా, కుళ్లిన వాసన. అప్పుడే బావ వాకిట్లోంచి ఆ కబురు చెప్పినాడు.

మూడోదినం ఆమెకిష్టమైన టమోటా పప్పు చేసి కాకులకు పెట్టల్లనుకున్నారు. "ఆమె చెట్ల కాయలేనమ్మా, నాలుగు కోసుకరా" అన్నాడు బావ. ఎక్కి చూస్తే కాయలన్నీ పగిలి ఈగలు ముసిరినాయి. మంచిది ఒక్కటన్నా దొరుకుతాదేమోనని బకెట్టు తర్వాత బకెట్టు పక్కకు వొంచి వెతికినా. వొంచినప్పుడల్లా బురద నీళ్లు మిద్దె మీది వాన నీళ్లు దిగే గొట్టంలోంచి వాకిట్లోకి కారతాండాయి. కింద వచ్చినోళ్లు ఇడిసిన చెప్పులు తడిసి ఒకటొకటి పక్కకు జరగతాండాయి. "దొరికినాయా?" అని బావ కేకేసినాడు. నేను ఖాళీ కొంగు పట్టుకుని, ఆ చెప్పులనే చూస్తా నిలబడిపోతిని.