మగ్గాల ఇంటి మెల్లని గొంతు

అక్క పోయిందన్న సంగతి నాకు కాల్ మధ్యలో తెలిసింది. ఆస్పరి నుంచి ఒక పెద్దాయన మాట్లాడుతున్నాడు. గాలివానకు మిద్దె మీద డిష్ కదిలి టీవీలో బొమ్మ రావడం లేదట. పక్క సీటు అమ్మాయి నా భుజం తట్టింది. నా మాట ఆయనకు వినపడకుండా మ్యూట్ నొక్కి తిరిగి చూశాను. కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందని, అక్క ఇక లేదని చెప్పింది. తల ఊపాను. మ్యూట్ తీసి, "వేచి ఉన్నందుకు ధన్యవాదాలు సార్, రేపు మా మెకానిక్ మీ ఇంటికి వస్తాడు" అన్నాను. గొంతు వణకలేదు. పెద్దాయన చల్లగా ఉండమని దీవించి ఫోన్ పెట్టేశాడు. వెంటనే ఇంకో కాల్ వచ్చింది. అదీ తీసుకున్నాను.

గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. అన్నం తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను, ఎవరైనా జోకు వేస్తే నవ్వుతున్నాను కూడా. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, అట్లా ఉంది లోపల. గొంతు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. మనిషి పోతే కన్నీటి చుక్క రాల్చలేని దానికి ఆమె గురించి రాసే అర్హత ఉందా అని చాలాసార్లు అనుకున్నాను. ఉన్నా లేకున్నా రాస్తున్నాను.

అక్క అంటే వరసకు కాదు. ఆదోనిలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉండే మా కాల్ సెంటర్‌లో ఆమె మా టీమ్ లీడర్. మేడమ్ అని పిలవాలని ఆఫీసు రూలు. అట్లా పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేది. ఆమెది ఎమ్మిగనూరు. పుట్టిల్లూ మగ్గాల ఇల్లే, మెట్టినిల్లూ మగ్గాల ఇల్లే. రోజూ పొద్దున బస్సుకు వచ్చేది. దారిలో కట్టించుకొచ్చిన బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి మా మధ్యన పెట్టేది. మిరపకాయ బజ్జీలు మాత్రం మాకే తోసేది. కారం గొంతుకు పడదని కాదు, బజ్జీ తిన్న నోటితో మాట్లాడితే అవతలి వాళ్లకు మసాలా వాసన పోతుందని ఆమె నమ్మకం. ఫోన్‌లో వాసన యాడ పోతుందక్కా అని మేము ఎగతాళి చేస్తే, "గొంతులో పోతాది" అనేది. ఈ విషయంలో మాత్రం ఎవరు చెప్పినా వినలేదు.

కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ ఆమె ముందుగా తన తప్పే చెప్పేది. మగ్గాలు ఆడుతున్న ఇంట్లో పక్క మనిషితో మాట్లాడాలన్నా గట్టిగా అరవాలి. ఉప్పు అందించమన్నా అరుపే, బిడ్డను ముద్దు చేసినా అరుపే. ఆ అలవాటుతోనే ఈమె ఉద్యోగంలో చేరింది. మొదటి రోజు హాలహర్వి నుంచి ఒక ముసలాయన ఫోన్ చేస్తే, ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నానని తాను అనుకుంటోంది. ఆయన కాసేపు విని, "యాకమ్మా బైతీయా?" అన్నాడట కన్నడంలో. ఎందుకమ్మా తిడతావు అని. తిట్టలేదు తాతా అని ఇంకా గట్టిగా చెప్పిందట. ఆయన భయపడి పెట్టేశాడు. అది చెప్పి తానే ముందు నవ్వేది. తర్వాత మాకు పాఠం చెప్పేది: "పక్కన పసిబిడ్డ నిద్రపోతాండాదనుకుని మాట్లాడండి. అంతే. ఇంకేం నేర్చుకునే పన్లేదు."

నా గొంతు మీద ఆమె చాలా కష్టపడింది. జొన్నరొట్టె విరిచినట్లు మాట్లాడతావని వెక్కిరించేది. నా పక్కన కుర్చీ వేసుకుని, హెడ్‌సెట్‌లో ఒక చెవి తాను పెట్టుకుని, నేను గొంతు పెంచినప్పుడల్లా అరచేత్తో టేబుల్ మీద మెల్లగా జో కొట్టేది. కస్టమర్లు బూతులు తిడితే నేను మ్యూట్ నొక్కి, వాళ్లకు వినపడకుండా తిరిగి తిట్టేదాన్ని. అది చూసి ఒకసారి ఆమె అన్న మాట ఇప్పటికీ మా ఫ్లోర్‌లో అందరూ అంటారు. "వాళ్ల కోపం నీ మీద కాదు పాపా, టీవీ మీద. టీవీకి చెవుల్లేవు గాబట్టి నీకు చెప్తాండారు."

ఇంకొకటి. కనెక్షన్ మగవాళ్ల పేరు మీద ఉంటుంది, ఫోన్ ఆడవాళ్లు చేస్తారు. రూలు ప్రకారం ఆ పేరు గల మనిషితోనే మాట్లాడాలి. సార్‌కు ఫోన్ ఇవ్వండమ్మా అంటే కొందరు "ఆయన లేడు" అంటారు. కొత్త పిల్లలు ఎప్పుడొస్తారని అడిగేస్తారు. అక్క ఆ మాట అడగనిచ్చేది కాదు. లేడంటే బజారుకు పోయి ఉండవచ్చు, పొలానికి పోయి ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. ఒక గుక్క ఊరికే ఉంటే వాళ్లే చెబుతారనేది. ఒకసారి కృష్ణగిరి నుంచి చేసిన ఆమె ఎవరో అట్లాగే లేడని చెప్పి ఆగిపోయింది. అక్క కూడా ఆగింది. కాల్ తొందరగా ముగించమని స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలుగుతూనే ఉంది. చివరికి ఆమె, టీవీ బాగుచేయాల్సిన పని లేదని, ఇంట్లో ఏదో ఒక శబ్దం కావాలని చేశానని చెప్పింది. అక్క ఆమెతో చాలాసేపు మాట్లాడింది. పైవాళ్లు ఆ కాల్ విని మార్కులు కోశారు. కొయ్యనీలే అంది.

జ్వరమని సెలవు పెట్టినప్పుడు మేమెవరమూ పట్టించుకోలేదు. ఊళ్లో అందరికీ జ్వరాలే. తర్వాత కర్నూలుకు తీసుకుపోయారని తెలిసింది. తర్వాత ఆ ఫోన్.

మట్టి చేసే రోజు ఎమ్మిగనూరు పోయాం. వీధినిండా జనం. ఆమెను చూశాను, దండ వేశాను, పక్కకు వచ్చి నిలబడ్డాను. మా టీమ్ పిల్లలందరూ ఏడుస్తుంటే నేను వాళ్లకు నీళ్ల బాటిల్ అందిస్తున్నాను. నన్ను చూసి ఎవరో ధైర్యం గల పిల్ల అన్నారు. చెంప మీద కొట్టినట్లయింది.

దివసాలకు, పెద్దకర్మ రోజున, మళ్లీ ఎమ్మిగనూరు పోయాం. భోజనాలయ్యాక మిగిలిన వాళ్లు బయట కూర్చున్నారు. అక్క అత్తగారు నన్ను లోపలికి పిలిచింది. ముసలామె, బాగా చెవుడు కూడా. ఆ ఇంట్లో మగ్గం ఆపేశారు గానీ పక్కిళ్లల్లో ఆడుతూనే ఉన్నాయి. గోడ అవతలి నుంచి టకటకమని శబ్దం. అక్క భర్త గుంట మగ్గం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముసలామె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మా కోడలు ఆడ ఎట్ల మాట్లాడుతాండెనో ఒక్కతూరి ఇనాలని ఉండాది పాపా. ఇంట్లో మాకు అరుపులే గదా. మెల్లగ మాట్లాడతాదంట, తేనె మాదిరి ఉంటాదంట. ఊర్లోల్లంతా ఇన్నారు. మేమే ఇనలేదు."

రికార్డింగులు మా దగ్గర ఉండవని, ఎక్కడో పెద్ద ఊళ్లో కంపెనీ కంప్యూటర్లలో ఉంటాయని, బయటికి ఇవ్వరని గట్టిగా అరిచి చెప్పాను. ఆమెకు సగమే అర్థమైంది. అప్పుడు అక్క భర్త తల ఎత్తకుండానే, "నువ్వన్నా అని సూపియ్యమ్మా, ఎట్ల అంటాండెనో" అన్నాడు.

వద్దనలేకపోయాను. అలవాటు కొద్దీ చెయ్యి చెవి దగ్గరికి పోయింది. హెడ్‌సెట్ లేకపోయినా ఉన్నట్లే అదిమి పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. "నమస్కారం. చెప్పండమ్మా, వింటున్నాను" అన్నాను.

అది నా గొంతు కాదు. ఆ "అమ్మా" దగ్గర కొంచెం కిందికి దిగి ఆగడం ఆమెది. ఇన్నేళ్లుగా రోజుకు ఎన్నోసార్లు అంటున్న మాట, ఎవరి గొంతుతో అంటున్నానో అప్పటిదాకా నాకే తెలియదు. అక్క భర్త చప్పున తల ఎత్తి చూశాడు.

ముసలామె చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని నా నోటి దగ్గరికి వంగింది. ఇంకొకసారి అనమంది. అన్నాను. ఆమె చెవి దగ్గరి చెయ్యి దించింది. తర్వాత, ఫోన్‌లో మాట్లాడేవాళ్ల మాదిరిగానే గొంతు తగ్గించి, నాకు చెప్పడం మొదలుపెట్టింది.

"నా కోడలు పోయింది తల్లీ. నేను ముసల్దాన్ని ఈడ్నే ఉండాను, ఆ బిడ్డ పోయింది. ఇది ఎవురికి చెప్పుకోవల్ల?"

"చెప్పండవ్వా" అన్నాను. గొంతు పగిలిపోయింది. అయినా ఆమె ఆపలేదు. కోడలికి తలస్నానం చేస్తే పడేది కాదని, పొద్దున బస్సుకు పరుగులు తీస్తూ చల్లన్నం కూడా సగమే తినేదని, ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. బయట మా పిల్లలు బస్సుకు వేళయిందని నన్ను పిలుస్తున్నారు. నేను చెవి మీద చెయ్యి తీయలేదు.