లైబ్రరీలో కొబ్బరికాయలు

మొన్న సాయంత్రం మా కిరాణా కొట్టుకి ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. బచేలి నుంచి మా ఊరి బడికి బదిలీ అయి వారం కూడా కాలేదట. ఆమెకు సబ్బులు కట్టిస్తుండగా ఒకావిడ వచ్చి, "సేటూ, లైబ్రరీకి కొబ్బరికాయ ఇయ్యి, నీళ్ళు మంచిగున్నది చూసియ్యి" అంది. ఆమె వెనకే నిలబడ్డ ఇంకొకావిడ, "నాకు గూడ లైబ్రరీకే" అంది. టీచరమ్మ కాసేపు వాళ్ళనూ నన్నూ మార్చి మార్చి చూసి, "అంకుల్, ఇక్కడ లైబ్రరీ అంటే గుడా?" అని మెల్లగా అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. చెప్పడం మొదలుపెడితే కొట్టు కట్టేసే వేళ దాటిపోతుంది కనుక, "రేపు పున్నమి, వచ్చి చూడమ్మా" అని పంపేశాను. కానీ నోట్లోకి వచ్చిన కబురు మింగేసి కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకే మీకు చెప్తున్నాను.

దోర్నపాల్ దాటాక పెద్ద రోడ్డు మీద బస్సు టీ తాగడానికి ఆగే చిన్న ఊరు మాది. తాతల కాలంలో ఉప్పు, బట్టలు అమ్ముకోవడానికి గోదావరి వైపు నుంచి రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో హిందీ, సంతకొచ్చే అడవి పల్లెల వాళ్ళతో దోర్లీ, జగదల్‌పూర్ నుంచి సరుకు తెచ్చే లారీ వాళ్ళతో హల్బీ. మధ్యాహ్నానికల్లా అన్నీ కలిసిపోయి, ఏ మాట ఏ భాష నుంచి తెచ్చుకున్నామో మాకే గుర్తుండదు. ఇంత చెప్పింది ఊరి గొప్ప కోసం కాదు. నేను చెప్పబోయే తమాషా అంతా ఈ కలగలుపులోంచే పుట్టింది.

బస్టాండు వెనక రేకుల వరండా ఉన్న పెద్ద గది మా పబ్లిక్ లైబ్రరీ. దాన్ని చూసుకునేది మా వదిన. ఆవిడ పుట్టి పెరిగింది బచేలిలో, కంపెనీ క్వార్టర్లలో. వాళ్ళ నాన్నగారు గనిలో పని కోసం ఆంధ్ర నుంచి వచ్చినాయన. అక్కడి లైబ్రరీలో సాయంత్రాలన్నీ గడిపిన పిల్ల, కాపురానికి వస్తూ ఒక ట్రంకు పెట్టె తెచ్చుకుంది. చీరలు ఉంటాయని మా అమ్మ ఆశగా మూత తీస్తే అన్నీ పుస్తకాలే. "ఇవ్వి కట్టుకుంటదా ఏంది?" అని అమ్మ పక్కింటి వాళ్ళతో చాలాకాలం చెప్పుకుంది. ఆ మాట వదిన చెవిన పడింది. పడ్డా నవ్వుకుని ఊరుకుంది. నవ్వి ఊరుకునే మనుషులతో వాదించడం ఎంత కష్టమో మా అమ్మకు అప్పుడే తెలిసింది.

లైబ్రరీ చేతికొచ్చాక వదిన దాన్ని ఊరికే ఉండనివ్వలేదు. కాయితం రాయడం రాని వాళ్ళకు అర్జీలు రాసిపెట్టేది. చూపు ఆనని పెద్దవాళ్ళ కోసం ఒక వెదురుబుట్టలో పాత కళ్ళజోళ్ళు పోగేసి ఉంచింది. ఎవరికి ఏది సరిపోతే అది పెట్టుకుని పేపరు చదివి, మళ్ళీ బుట్టలో పడేసి వెళ్ళాలి. ఆడవాళ్ళకు ఫోన్లో బస్సు వేళలు చూసుకోవడం నేర్పుతానని బోర్డు పెట్టింది. ఎన్ని చేసినా వచ్చేది మాత్రం ఫ్యాను కింద కునుకు తీసే నలుగురు పెద్దమనుషులు, వాళ్ళను లేపడానికి వచ్చే వాళ్ళ మనవలు. ఆడవాళ్ళయితే గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పాలో వద్దో తెలియక వెనక్కి పోయేవారు.

అలాంటి రోజుల్లో, వేసవి ముందర, ఆ గది ఎవరి అధీనంలో ఉందో ఆ ఆఫీసు నుంచి కబురొచ్చింది. బీడీలు చుట్టే తునికాకు కోతలు మొదలవుతున్నాయి, ఆకు మూటలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు, జనం రాని గది ఖాళీగా ఉంచడం దేనికి అని. ఆదివారం సాహెబు స్వయంగా వచ్చి చూస్తాడట. జనం కనబడితే లైబ్రరీ ఉంటుంది, లేకపోతే పుస్తకాలు బీరువాల్లో పెట్టి తాళం వేసి గది గోదాం అవుతుంది. వదిన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "మరిదీ, ఆ గది పోతే ఈ ఊళ్ళో నాకు నాదంటూ ఉండేది వంటగదే" అంది. నవ్వి ఊరుకునే మనిషి నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు.

మర్నాటికి తేరుకుని ఒక ఉపాయం ఆలోచించింది. ఆదివారం పొద్దున పిల్లలకు బొమ్మల పుస్తకంలోంచి ఒక కథ చదివి వినిపిస్తుంది, పిల్లలతో తల్లులు వస్తారు, గది నిండుతుంది. చాటింపు వేయడానికి మైకు ఆటో నడిపే, ఊరంతా భయ్యా అని పిలిచే ఆయన ఉన్నాడు. తప్పిపోయిన ఆవు దగ్గర్నుంచి పోలియో చుక్కల దాకా మా ఊరికి ఏ సంగతైనా ఆయన గొంతులోంచే తెలియాలి. "ఆదివారం పొద్దున లైబ్రరీలో కథ ఉంటుంది, అందరూ రావాలి అని చెప్పండి భయ్యా" అంది వదిన. ఆయన తెలుగులో ఆ మాటే అన్నాడు. ఆపైన అలవాటు ప్రకారం హిందీలోకి మార్చి, "రవివార్ కో లైబ్రరీ మే కథా హై, సపరివార్ పధారియే" అని, ఇంటిల్లిపాదీ రమ్మని, ఊరంతా తిరిగాడు. ఆయన తప్పేమీ లేదు. అయితే హిందీలో మామూలు కథను కహానీ అంటారు. కథా అంటే పీటలు వేసి, దీపం పెట్టి, పంతులు గారు చదివే పూజ కథ. పైగా ఆ ఆదివారం పున్నమి. క్యాలెండరు కొట్లో నా నెత్తిమీదే వేలాడుతున్నా నాకు తోచలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ మాత్రం తోచింది.

ఆ పొద్దున కొట్టు తెరిచీ తెరవగానే కొబ్బరికాయలకు ఎగబడ్డారు. ఎవరిదో గృహప్రవేశం కాబోలు, మమ్మల్ని పిలవలేదేమిటా అని లోపల కొంచెం నొచ్చుకున్నాను కూడా. చివరి కాయ ఇస్తూ అడిగితే, టీ హోటలు వాళ్ళావిడ, "అదేంది సేటూ, మీ వదిన దగ్గర సత్తెనారాయణ కథ పెట్టుకుని నీకే తెల్వదా?" అంది. ఉన్న పళంగా కొట్టు వదిలేసి పరుగెత్తాను. వరండా మెట్ల కింద చెప్పుల గుట్ట. లోపల తలస్నానం చేసి జుట్టు ముడేసుకున్న ఆడవాళ్ళు ఇత్తడి పళ్ళాల్లో పూలు, పళ్ళు, పసుపు, కుంకుమలతో గోడ నుంచి గోడ దాకా కూర్చుని ఉన్నారు. కోడిని అమ్ముకోవడానికి సంతకు వచ్చిన ఒక దోర్ల అవ్వ, దారిలో జనాన్ని చూసి తనూ వచ్చి కూర్చుంది. కాళ్ళు కట్టేసిన ఆ కోడి పత్రికల బల్ల కింద నుంచి అందరినీ చూస్తోంది. వాళ్ళందరి ముందు, చేతిలో బొమ్మల పుస్తకంతో, మా వదిన. అట్ట మీద చొక్కా తొడుక్కున్న ఎలుగుబంటి ఉంది.

"పంతులు గారు ఏ బస్సుకొస్తున్నరమ్మా?" అని ఎవరో అడిగారు. సాహెబు జీపు వచ్చే వేళయింది. వస్తున్నారని ఒక్క మాట అనేసి నెట్టుకొస్తే సరిపోయేది. నేనైతే అలాగే చేసేవాణ్ణి. వదిన నిలబడి చేతులు జోడించింది. "పొరపాటు జరిగిందండీ. ఇది పూజ కథ కాదు. పంతులు గారు రారు. పిల్లల కోసం ఊరికే ఈ పుస్తకం చదువుదామనుకున్నాను. ఉపవాసాలుండి వచ్చారు, నన్ను క్షమించండి." ఒకావిడ పళ్ళెం చేతిలోకి తీసుకుంది. అయిపోయింది, ఇక లేస్తారు అనుకున్నాను. అప్పుడు గోడ పక్క నుంచి మా అమ్మ గొంతు వినబడింది. "కథ అని వచ్చి కూసున్నంక వినకుంట లేస్తరా ఎవరన్న? ప్రసాదం తినకుంట పోతరా? ఏ కథయితేంది, చదువు బిడ్డా." ఆమె వచ్చిన సంగతే మాకు తెలియదు. పళ్ళెం పట్టుకున్నావిడ మళ్ళీ కింద పెట్టేసింది.

వదిన చదవడం మొదలుపెట్టింది. అడవిలోంచి ఒక ఎలుగుబంటి వచ్చి దర్జీని చొక్కా కుట్టమంటుంది. పేజీ అయిపోయి రెండోది తిప్పిందో లేదో, టప్పున కొబ్బరికాయ పగిలింది. వదిన ఉలిక్కిపడింది, కోడి అరిచింది. వ్రతంలో ఒక్కో అధ్యాయం అయ్యాక కాయ కొట్టడం మా ఆనవాయితీ. టీ హోటలావిడ దృష్టిలో పేజీ అంటే అధ్యాయమే. మరో పేజీ, మరో కాయ. పిల్లలకు ఈ కిటుకు తెలిసిపోయి, వదిన వేలు పేజీ అంచుకు వెళ్ళేసరికి ఊపిరి బిగబట్టేవారు. వదినకూ హుషారొచ్చింది. దర్జీ ఎలుగుబంటి నడుము కొలవబోయే చోట కావాలని ఆగి, పేజీ తిప్పకుండా అందరినీ ఏడిపించింది. నా పక్కన భయ్యా తెలుగు రాని వాళ్ళకు హిందీలో చెబుతుంటే, వెనక అవ్వ దోర్లీలో ఆపకుండా ఏదో సణుగుతోంది. భయ్యా గొంతులో ఆమె మాట వినబడక, ఏమంటోందని అడిగితే, "ఎలుగుకు ఈ ఎండల చొక్కా ఏంది, ఇప్పపూలు ఏరనీకి చేతులు ఆడయి అంటుంది" అని ఎవరో తెలుగులో చెప్పారు. గది గదంతా నవ్వింది.

సాహెబు ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. నేను చూసేసరికి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. కథా జరుగుతోందనుకుని, జేబురుమాలు తల మీద కప్పుకుని, మా అమ్మకూ కోడికీ మధ్య దొరికిన చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు తెలుగు రాదు. కథా మధ్యలో లేవకూడదని మాత్రం ఆయనకూ చిన్నప్పుడు ఇంట్లో చెప్పే ఉంటారు. ఎలుగుబంటి అద్దం ముందు నిలబడి గుండీలు పెట్టుకునే చోట ఆయన కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉన్నాడు. నేను పెదవి కొరుక్కుని పైకప్పు చూశాను.

కథ అయ్యాక అమ్మ ఇంట్లో చేసి తెచ్చిన రవ్వ ప్రసాదం మూత తీసింది. కొబ్బరి ముక్కలు, అరటిపళ్ళు పంచారు. సాహెబు ప్రసాదం కళ్ళకద్దుకుని తిని, ఇది ఏ దేవుడి కథ అని హిందీలో వదినను అడిగాడు. వదిన దాచలేదు. "భాలూ కీ, సర్" అంది. ఎలుగుబంటిదని. ఆయన చేతిలోని దొన్నె వంక, అట్ట మీది ఎలుగుబంటి వంక చూసి, నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక, "మరి ఆ గోదాం సంగతి" అన్నాడు. టీ హోటలావిడ ముందుకొచ్చింది. "కథ అయిన గదిల ఆకు మూటలు ఎట్ల పెడ్తరు సాబ్? కాయలు గొట్టినం, ప్రసాదం తిన్నం. మీరు గూడ తిన్నరు." భయ్యా ఆ చివరి మాటను హిందీలోకి చాలా శ్రద్ధగా మార్చాడు. సాహెబు చెయ్యి కడుక్కుని వచ్చి, తల మీది రుమాలు తీసి మడత పెట్టుకుంటూ, "వచ్చే పున్నమికి కూడా కథా ఉంటుందా?" అన్నాడు. వదినకు కళ్ళ నిండా నీళ్ళు. మా అమ్మ తనకు వచ్చిన హిందీ మొత్తం కూడగట్టుకుని, "హోగీ" అంది, ఉంటుందని. ఆకు మూటలు ఇంకెక్కడికో పోయాయి.

అప్పట్నుంచి ప్రతి పున్నమికీ కథ ఉంది. పుస్తకంలోదే చదవాలని లేదు. ఆ అవ్వ తన ఊరి కథలు చెప్పింది, భయ్యా తప్పిపోయిన ఆవుల కథలు చెప్పాడు, ట్రంకు పెట్టె చూసి పెదవి విరిచిన మా అమ్మ ఒకసారి కుర్చీలో కూర్చుని తన పెళ్ళి కథే చెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించింది. ప్రసాదానికి వచ్చిన వాళ్ళు బుట్టలో కళ్ళజోడు పెట్టుకుని పేపరు తిరగేస్తారు, అర్జీ రాయించుకుంటారు, పిల్లకొక పుస్తకం పట్టుకెళతారు. ఆ గది పోతుందేమోనని అన్నం మానేసిన మా వదిన, ఇప్పుడు చీకటి పడే వేళ తాళంచెవి వేలికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి, "ఇక లేవండమ్మా, నాకూ ఇల్లుంది" అని బతిమాలుతుంది. ఒక్కరూ లేవరు. "ఇంకొక్క కథ" అంటారు. కాలం మనిషికి ఇవ్వగలిగింది ఇంకేముంది, ఒకనాడు రమ్మన్నా రాని వాళ్ళు ఇవాళ పొమ్మన్నా పోకపోవడం కంటే.