ఫ్లెక్సీకెక్కిన నా సెలవులు

ఫ్లెక్సీకెక్కి పరువు పెంచుకున్నవాళ్ళు నరసరావుపేటలో బోలెడుమంది. ఫ్లెక్సీకెక్కి, అదీ సొంత ఖర్చుతో, పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అప్పట్లో మా పత్తి మిల్లు ఆఫీసులో కంప్యూటరు మనిషిని నేనే. నేను చేరిన మూడేళ్ళకు శ్రీలక్ష్మి వచ్చింది. వచ్చిన నెలకే ఓనరుగారు ప్రతిదానికీ "అమ్మాయ్ శ్రీలక్ష్మీ" అని పిలవడం మొదలుపెట్టారు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటేనే నేను గుర్తొచ్చేవాణ్ణి. నాకు కుళ్ళు. దాచడమెందుకు, ఆమె డబ్బా మూత తీస్తే వచ్చే గోంగూర వాసనక్కూడా కుళ్ళుకునేవాణ్ణి. దానికితోడు ఆఫీసు ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీ అయింది. కొత్త సంవత్సరం రోజున పేరు చెబుతానన్నారు ఓనరుగారు. ఆ పేరు ఎవరిదో గేటు వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

శ్రీలక్ష్మి కొడుక్కి తరచూ జ్వరం. అంటే ఆమెకు తరచూ సెలవు. ఇది ఓనరుగారి కంట్లో పడాలి! డేటాబేసులో ఉన్న సెలవులన్నీ లాగి ఏడాది క్యాలెండరు రిపోర్టు తయారుచేశాను. మనిషికో వరస, రోజుకో గడి, రాని రోజు ఎరుపు. మొదట వరసల పక్కన ఉద్యోగి నంబర్లే వచ్చాయి. ఆమె నంబరు వెతికాను. పంతొమ్మిది ఎర్రగడులు! నావి నాలుగే. ఆ సంతోషంలో రెండు ప్లేట్ల బజ్జీలు తిన్నాను.

నంబర్లు చూస్తే ఓనరుగారికి ఏం అర్థమవుతుంది? పేర్లు కావాలి. గబగబా పేర్లు తగిలించి, మళ్ళీ ఒక్కసారైనా చూసుకోకుండా ఫ్లెక్సీ షాపుకు పరుగెత్తాను.

"ఎవురి బర్త్‌డే అన్నా?" అన్నాడు షాపతను.

"బర్త్‌డే కాదయ్యా, లీవుల రిపోర్టు."

"అట్నా. మరి లీడర్ల ఫోటోలు పైన పెట్టమంటావా, కింద పెట్టమంటావా?"

ఏడాది హాజరు రిపోర్టు మీ చేతుల మీదుగానే తెరవాలని ఓనరుగారిని ముందే ఒప్పించాను, షాపువాళ్ళే ఫ్లెక్సీ కట్టి తెర కప్పి పోయారు. జనవరి ఒకటిన స్టాఫంతా నిలబడ్డారు. ఓనరుగారు కొబ్బరికాయ కొట్టి తెర లాగారు. నేను ఫ్లెక్సీ వంక చూడలేదు, శ్రీలక్ష్మి మొహం వంకే చూస్తున్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు తిరిగి చూశాను.

నలభైమంది వరసలు ముగ్గేసినంత తెల్లగా ఉన్నాయి. మధ్యలో ఒక్క వరస మాత్రం జనవరి నుంచి డిసెంబరు దాకా ఎర్రగా ఉంది. దాని పక్కన నా పేరు. ఆదివారాలు మాత్రం తెలుపు. అంటే మిల్లు మూసేసిన రోజుల్లో తప్ప నేను డ్యూటీకి రాలేదన్నమాట.

"ఏందిరా కోటేశ్వరరావూ, ఆదివారాలే వచ్చినావా?" అన్నారు ఓనరుగారు.

"అయ్యా, అది... సిస్టమ్‌లో..."

"మరి రోజూ నా ఎదురుగా కూచునేది ఎవుడు?"

ఇన్‌ఛార్జి కుర్చీ సంగతి దేవుడెరుగు, ఉన్న కుర్చీ ఊడేట్టుంది. శ్రీలక్ష్మి దగ్గరకొచ్చి ఫ్లెక్సీని ఒక నిమిషం చూసింది.

"అయ్యగారూ, ఇయ్యి అన్న సెలవులు కావండీ. మనోళ్ళు ఎవురూ లెటరు రాయరు గదా! 'ముప్పాళ్ళలో పెళ్ళి, ఒక లీవు ఎక్కించన్నా' అని ఫోను చేస్తారు, అందరియ్యీ అన్నే ఎక్కిస్తాడు. సెలవు ఎవురిదో ఆ పేరు పడాల్సిన చోట, ఎక్కించినోళ్ళ పేరు పడింది. అంతే. నాయే పంతొమ్మిది ఉన్నయి ఇందులో."

చూశారా! అంత కష్టపడి నేను బయటపెట్టాలనుకున్న పంతొమ్మిదీ తనే బయటపెట్టేసింది. దానిక్కూడా కుళ్ళుకున్నాను.

"నిమిషంలో పట్టుకుంది, తన సెలవులు కూడా దాచుకోలా," అన్నారు ఓనరుగారు. "ఇన్‌ఛార్జి ఈ అమ్మాయే." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టక చస్తానా.

వారం తర్వాత, మొహం చెల్లకపోయినా, ఆమె బల్ల ముందు నిలబడ్డాను. "అమ్మా, రేపొక్కరోజు లీవు ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తా గానీ, లెటరు రాసియ్యన్నా. నీ రిపోర్టులో అది నా పేరున పడిద్దేమో!"

ఆ క్షణమే కోటప్పకొండ వైపు తిరిగి, చెంపలేసుకుని ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఇంకొకరి సెలవులు లెక్కపెట్టను. ఆ మాట మీదే ఉన్నాను. పోయిన నెల శ్రీలక్ష్మి తీసుకున్న మూడింటినీ నేను లెక్కపెట్టనే లేదు.